బావమరిది బొటనవేలు

మా పాత కారు ఎత్తు ఎక్కేటప్పుడల్లా బోనెట్ కింద ఎవరో గోళీల డబ్బా కుదుపుతున్నట్టు చప్పుడు. "నాకింగ్. టైమింగ్ ముందుకు జరిగింది, అంతే" అన్నాను బావమరిదితో. ఇంజిన్ల విషయంలో 'అంతే' అన్నవాడి పక్కనుంచి వెంటనే లేచిపోవాలి. వాడు లేవలేదు సరికదా, "టైమింగ్ అంటే ఏంటి బావా?" అని కూర్చున్నాడు.

నాకు చెప్పడం బాగా వచ్చు. చెయ్యడం దగ్గరే తేడా.

టైమింగ్ అంటే సిలిండర్లో ప్లగ్ నిప్పు పెట్టే వేళ. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక ప్లగ్ నిప్పు పెడితే ఆలస్యమైపోయినట్టే. పెట్రోలు మిశ్రమం టపాకాయలా ఒక్కసారిగా పేలదు, ఎండుగడ్డిలా ఓ పక్కనుంచి అంటుకుంటూ పోతుంది. దానికి రెండు మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. నిమిషానికి 600 చుట్ల దగ్గర ఆలోగా క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, కదిలేది 7 డిగ్రీలు. 3000 చుట్ల దగ్గరైతే 36! అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ఇంకా ముందే పడాలి. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలి రెండు బుల్లి బరువులు గిరగిరా తిరుగుతూ, స్ప్రింగుల్ని లాక్కుంటూ విచ్చుకుని ఆ పని చేసిపెడతాయి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ఆ సుఖం కూడా లేదు. స్టీరింగ్ ఎడమపక్క మీటతో డ్రైవరే జరుపుకోవాలి. దాన్ని వెనక్కి పెట్టడం మరిచి, స్టార్ట్ చెయ్యడానికి ముందున్న హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ ఎదురు తన్ని చెయ్యి విరిచేది.

మరీ ముందే పడినా ముప్పే. సిలిండర్లో ఒత్తిడి మితిమీరి, మంట ఇంకా చేరని మూల మిగిలిన మిశ్రమం తనంతట తనే భగ్గుమంటుంది. మన గోళీల డబ్బా అదే.

ఇంత విడమరిచి చెప్పినవాణ్ణి కరెంటును తెంచి నిప్పు పుట్టించే పాయింట్లు శుభ్రం చేద్దామని డిస్ట్రిబ్యూటర్ మొత్తం ఊడబీకాను. అందులో తిరుగుతూ ఒక్కో ప్లగ్ వైరుకీ కరెంటు అందించే రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోలేదు. తిరిగి బిగించేటప్పుడు పిస్టన్ పైకొచ్చిందని చూపే పుల్లీ మీది గీతను సున్నాకి తెచ్చి, రోటర్‌ను మొదటి ప్లగ్ వైరు వైపు తిప్పి, తాళం తిప్పాను.

ఢామ్మంది. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ ఓసారి మంట నాలుక చాపి లోపలికి లాక్కుంది.

విషయమేమిటంటే, పిస్టన్ పైకొచ్చేది రెండుసార్లు. ఒకసారి మిశ్రమాన్ని నొక్కడానికి, ఇంకోసారి పొగను బయటికి తొయ్యడానికి. గీత రెండుసార్లూ సున్నా దగ్గరికే వస్తుంది. నేను పట్టుకున్నది పొగ తోసే రాకను.

"ప్లగ్ తీసి ఆ బెజ్జం మీద బొటనవేలు పెట్టాలి. గాలి తోసిందంటే అదే అసలు రాక."

"ఎవరి బొటనవేలు?"

"నేను స్పానరు తిప్పాలి కదా!"

వేలు పుస్సుమంటూ ఎగిరింది. వాడు దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి, తనదేనా కాదా అన్నట్టు చూసుకున్నాడు.

ఈసారి బండి అందుకుంది. ఇక టైమింగ్ లైటు, మొదటి ప్లగ్ నిప్పు పెట్టినప్పుడల్లా తళుక్కుమనే దీపం. ఆ వెలుగులో గిరగిరా తిరిగే పుల్లీ కదలకుండా నిలబడ్డట్టుంటుంది, ఫ్యాను కూడా బద్ధకంగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. "గీత మాసిపోయింది బావా, మళ్ళీ గీస్తానుండు" అని వాడు చాక్‌పీసుతో చెయ్యి చాపాడు. చాక్‌పీసు పొడైపోయింది. వేళ్ళు లెక్కపెట్టాం, పదీ ఉన్నాయి.

గీత 10 డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో అటూ ఇటూ జరిపాను. కుదిరింది. బోనెట్ దభీమని వేసి ఎత్తు మీదికి పోనిచ్చాను. గోళీల చప్పుడు మాయం! నేను వాడి వంక చూసిన చూపు మీరు చూడాల్సింది.

సగం ఎక్కేసరికి బండికి నీరసం వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ మూలుగుతోందే తప్ప కదలదు. వేడి ముల్లు పైపైకి పాకుతోంది.

"స్పార్క్ వెనకబడింది" అన్నాను, ఆగిన బండి దిగుతూ. "కాలాల్సింది ఆలస్యంగా కాలి, వేడంతా సైలెన్సర్ పాలవుతోంది. డిస్ట్రిబ్యూటర్ తనంతట తాను రోటర్ తిరిగే వైపు జరిగిపోతే తప్ప అలా అవదు. అయినా అదెలా జరుగుతుంది!" చెమట తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. చల్లగా, నూనె నూనెగా ఏదో తగిలింది.

వాడప్పటికే బోనెట్ ఎత్తి, ఆ బొటనవేలితోనే డిస్ట్రిబ్యూటర్‌ను కుండలో గరిటెలా తిప్పుతున్నాడు.

"బావా, దీన్ని పట్టి ఉంచే బోల్టేదీ?"

నా చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.