దయ సంగతి తర్వాత, ముందు ధరెంత?

మూగజీవాల మీద మనిషికి దయ ఎప్పుడు పుట్టింది అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు రెడీగా ఉంది: వాటికి ధర పుట్టిన రోజే. ఇది విమర్శ అనుకోకండి, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. పశువైద్య చరిత్ర చెప్పేవాళ్లు కరుణ, బంధం, ప్రకృతి అంటూ గొంతు గద్గదం చేసుకుంటారు గానీ, పాత రికార్డులు తిరగేస్తే కనిపించేవన్నీ జమాఖర్చులే. లెక్కలు కూడా మహా పక్కాగా ఉంటాయి.

క్రీస్తుపూర్వం 18వ శతాబ్దంలో బాబిలోన్ రాజు హమ్మురాబి రాయించిన శాసనాన్నే చూడండి. పెద్దమనిషికి కత్తి పెట్టి కన్ను నిలబెట్టిన వైద్యుడికి 10 షెకెళ్ల (అప్పటి తూకం లెండి) వెండి. ఎద్దుకో గాడిదకో కోత పెట్టి బతికించిన వైద్యుడికి షెకెల్‌లో ఆరో వంతు. అంటే అరవయ్యో వంతు ఫీజు! అన్యాయం అని అప్పుడే ఆవేశపడకండి, రెండో వైపు కూడా చూడాలి కదా. పెద్దమనిషి పోతే వైద్యుడి చేతులు నరికేస్తారు. ఎద్దు పోతే దాని ధరలో కొంత వాటా యజమానికి కట్టి ఇంటికెళ్లిపోవచ్చు. రెండు చేతులతో రిటైర్ అవ్వాలనుకునే కుర్రాడు ఏ కోర్సులో చేరాలో హమ్మురాబి అంత స్పష్టంగా చెప్పిన కెరీర్ కౌన్సెలర్ ఇంకొకడు లేడు.

ఈజిప్టువాళ్లు అంతకన్నా నిజాయితీపరులు. లాహున్ దగ్గర 1889లో దొరికిన పపైరస్ చుట్టల్లో పశువుల రోగాల మీద ఒక ముక్క ఉంది, వయసు దాదాపు 3,800 ఏళ్లు. జబ్బు చేసిన ఎద్దుకి చన్నీళ్లు చల్లాలి, కుదరకపోతే కోత పెట్టాలి, ఆ పైన కోత పడ్డది బతికితే బతుకుతుంది, పోతే పోతుంది అని చెప్పాలి. చూశారా, ఇంత కచ్చితమైన ప్రోగ్నోసిస్, అదే రోగం ఎటు పోతుందో చెప్పే జోస్యం, ఈరోజుకీ ఏ స్కానింగూ ఇవ్వలేదు. బిల్లు కట్టాక కూడా మనం వినేది ఇదే మాట, కాకపోతే కాస్త ఖరీదైన భాషలో.

భారతదేశంలో గుర్రాల వైద్యానికి శాలిహోత్రుడి పేరు, ఏనుగుల వైద్యానికి పాలకాప్యుడి పేరు చెబుతారు. గుర్రం, ఏనుగు... ఈ రెండే ఎందుకో సైన్యాధిపతిని అడిగితే చెప్తాడు. పాలకాప్యుడి కథ మరీ ముచ్చటైనది: అంగరాజు రోమపాదుడు అడవిలో తిరిగే ఏనుగుల్ని పట్టించి కట్టేయిస్తాడు, వాటితో కలిసి బతికిన ముని వెతుక్కుంటూ వచ్చి వాటి గాయాలకి మందు వేస్తాడు, రాజు పరమానందపడి ఆయన దగ్గర గజవైద్యం మొత్తం చెప్పించుకుంటాడు. కట్లు విప్పేస్తే సగం వైద్యం అక్కడే అయిపోయేది అని ఎవరికీ తట్టలేదు. తట్టి ఉంటే అంత పెద్ద గ్రంథం మనకి దక్కేది కాదు లెండి.

నా సిద్ధాంతానికి అడ్డం పడే మనిషి ఒక్కడే, అశోకుడు. మనుషులకీ పశువులకీ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశాననీ, మూలికలు లేని చోటికి తెప్పించి నాటించాననీ రెండో శిలాశాసనంలో చెక్కించాడు. సైన్యం మాట లేదు, ధర మాట లేదు. నాకు కాస్త టెన్షన్ వచ్చిన మాట నిజం. అయితే దానికి ముందున్న మొదటి శాసనం చదివాక ప్రాణం కుదుటపడింది: రాజుగారి వంటశాలలో ఒకప్పుడు రోజూ లక్షల్లో జీవాల్ని చంపేవారట, ఇప్పుడు మూడంటే మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, జింక కూడా రోజూ కాదట, ముందుముందు అవి కూడా మానేస్తారట. ఆస్పత్రీ వంటగదీ ఒకే బండ మీద. ఇంత పారదర్శకత ఏ ప్రభుత్వంలో ఉంది చెప్పండి?

ఆ తర్వాత రోమన్లు బరువులు మోసే కంచరగాడిదల కోసం వైద్య గ్రంథాలు రాసుకున్నారు. అదీ రవాణా శాఖ ఖర్చే.

అసలు కథ 18వ శతాబ్దంలో ఉంది. రిండర్‌పెస్ట్, అదే ముసర రోగం, యూరప్‌లో పశువుల్ని లక్షల్లో తుడిచిపెట్టింది. 1711 తర్వాత పోప్‌గారి ఆస్థాన వైద్యుడు లాన్సిసి చెప్పింది ఒకటే: మందులతో కాలక్షేపం వద్దు, రోగం తగిలిన వాటిని చంపేయండి, మిగతావాటిని కదలనివ్వకండి. 1714లో ఇంగ్లండ్‌లో థామస్ బేట్స్ అనే సర్జన్ దానికి ఇంకో చిన్న మెలిక పెట్టాడు, చంపిన పశువుకి యజమానికి డబ్బివ్వాలన్నాడు. డబ్బొస్తుందంటే ఎవడూ రోగాన్ని దాచడు. మైక్రోస్కోపులో ఆ రోగపు క్రిమి కనబడక ముందే మనిషి బుద్ధిలో ఉన్న క్రిమిని పట్టుకున్నాడాయన, ఆయన విగ్రహం ప్రతి ఆర్థిక శాఖ ముందూ ఉండాలి. ఇప్పటికీ పశువుల అంటురోగాల్ని ఆపడంలో ఈ రెండు సూత్రాలూ పనిచేస్తున్నాయి.

పశువులు పోతే పన్నులు పోతాయి, గుర్రాలు పోతే యుద్ధం పోతుంది. అందుకే 1761లో ఫ్రాన్స్ రాజు అనుమతితో లియోన్‌లో ప్రపంచంలోనే మొదటి పశువైద్య కళాశాలకి పునాది పడింది. పెట్టింది ఎవరు? క్లోద్ బూర్జెలా, గుర్రపు స్వారీ స్కూలు నడిపే మాస్టారు. మూడు దశాబ్దాలకి, 1791లో, లండన్‌లోనూ ఒకటి వచ్చింది. దాని మొదటి ప్రొఫెసర్ సాంబెల్‌కి పేరు తెచ్చింది ఎక్లిప్స్ అనే రేసు గుర్రం, అదీ చచ్చాకే: దాన్ని కోసి కొలతలు తీశాడు. ఆయన రెండేళ్లకే పోతే, ఆ కుర్చీలో ఎడ్వర్డ్ కోల్‌మన్‌ని కూర్చోబెట్టారు. ఆయన మనుషుల సర్జన్, పశువుల అనుభవం అంతంతమాత్రం. అయినా 1793 నుంచి 1839 దాకా 46 ఏళ్లు కదల్లేదు. గుర్రాలు ఒక్క ఫిర్యాదూ చేయలేదు, ఈ వృత్తిలో ఉన్న అసలు సుఖం ఇదే.

ఫిర్యాదులన్నీ మనుషులవే. ఎలీన్ కస్ట్ అనే ఆవిడ చదువు పూర్తిచేస్తే, ఆడమనిషి అన్న ఒకే కారణంతో పట్టా ఇవ్వలేదు. 1922లో గానీ చేతికి రాలేదు. అప్పటిదాకా ఆవిడ చేత వైద్యం చేయించుకున్న ఆవులు మాత్రం డిప్లొమా చూపించమనలేదు.

ఇంతలో మోటారు కారు వచ్చిపడింది. గుర్రాల డాక్టర్లకి గుండెలో రాయి పడింది. వేల ఏళ్లుగా గుమ్మంలోనే తిరుగుతున్న కుక్కకీ పిల్లికీ కూడా జబ్బులొస్తాయని ఈ వృత్తి సీరియస్‌గా కనిపెట్టింది సరిగ్గా అప్పుడే. పిల్లి మాత్రం ఈ గౌరవాన్ని ఇప్పటికీ సందేహంగానే చూస్తోంది, ఆస్పత్రి బుట్ట కనబడగానే మంచం కింద దూరేది అందుకే.

పశువులు తిరిగి మనకేమిచ్చాయి అనే లెక్క కూడా చూడాలి. 1920ల్లో కెనడాలో పశువులు చిన్న గాయానికే రక్తం కారిపోయి చచ్చేవి. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డే కారణమని ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు తేల్చాడు. ఆ గడ్డిలోని పదార్థం వెంటపడి వెళ్తే రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ వచ్చింది, ముందు ఎలుకల మందుగా అమ్మారు, తర్వాత 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఇచ్చారు. ఎద్దు, ఎలుక, అధ్యక్షుడు... ఇదే క్రమం. ఎద్దులకి రాయల్టీ ఏమీ ముట్టలేదు.

ఇక ఆ ముసర రోగం. వాల్టర్ ప్లౌరైట్ అనే పశువైద్యుడు 1960 ప్రాంతంలో కెన్యాలో తయారుచేసిన టీకాతో, ఊరూరూ తిరిగి సూదులేసిన పేరులేని సిబ్బందితో, 2011లో అది భూమ్మీద లేదని ప్రకటించారు. లియోన్ స్కూలుకి సరిగ్గా 250 ఏళ్లు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచేసిన రోగం ఇదొక్కటే, అయినా మశూచి గురించి బళ్లో చదివినట్టు దీని గురించి ఎవరూ చదవరు, పరీక్షలో రాదు. వైరస్ నమూనాల్ని మాత్రం కొన్ని దేశాల ల్యాబుల్లో ఫ్రీజర్లలో దాచారు. నాశనం చేయండని అంతర్జాతీయ సంస్థలు అడుగుతూనే ఉన్నాయి. అడగ్గానే తీసి పారేస్తారా? స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన సరుకాయె.