నవ్వుకు నల్లగొండ టెక్నిక్

ముందుగా నలభై లీటర్ల బకెట్ ఒకటి సిద్ధం చేసుకోవాలి. అడుగు నుంచి రెండు వేళ్ల మందం పైకి చిన్న నల్లా బిగించాలి. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక చేతికందేంత దూరంలో పెట్టుకోవాలి. రిమోట్‌లో బ్యాటరీలు ఉన్నాయో లేవో చూసుకోవాలి.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మా జిల్లా పేరు మీద ఒక శాస్త్రీయ పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేశారు. బోరు నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి, పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు నల్లా తిప్పి పట్టుకోవాలి. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని లెక్క. దీన్ని దేశదేశాల పుస్తకాల్లో ‘నల్లగొండ టెక్నిక్’ అనే రాస్తారు. గద్వాలకు చీర దక్కింది, హైదరాబాద్‌కు బిర్యానీ దక్కింది, మాకు పటిక దక్కింది.

ఇప్పుడు మా వాడకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. బకెట్ స్నానాల గది మూలన ఖాళీగా పడి ఉంది. జిల్లా పేరున్న టెక్నాలజీని అలా వదిలేయడం మనసొప్పక, పైపులైను లేకుండానే రోజూ ఇంట్లోకి వచ్చి పడుతున్న మరో పదార్థం మీద ప్రయోగించాను. టీవీ కామెడీ మీద.

శాంపిల్ సేకరణ ఒక ఆదివారం జరిగింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన మా బావ భోజనం చేసి, చేయి కడుక్కుని, ఆ చేత్తోనే రిమోట్ అందుకున్నాడు. ఛానల్ పేరు చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, పక్క ఛానల్లోనూ అదే నడుస్తోంది. తెర మీద ఒక మగవాడు చీర కట్టుకుని భార్య అయ్యాడు. ఇంకో మగవాడు లుంగీ కట్టుకుని భర్త అయ్యాడు. భార్య భర్తను కొట్టింది. ‘థడేల్’ అని చప్పుడు వచ్చింది. భర్త భార్య ఒడ్డూపొడుగు గురించి ఒక మాట అన్నాడు. మళ్లీ ‘థడేల్’. వెంటనే జడ్జిని చూపించారు. ఆ జడ్జి కుర్చీలోంచి సగం జారి, పక్కవాళ్ల భుజం మీద కొట్టి, కళ్లు తుడుచుకున్నారు. మా చెల్లెలి పెళ్లి కుదిరిన రోజు కూడా మా ఇంట్లో ఎవరూ అంత సంతోషించలేదు.

చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న అమ్మ తలెత్తింది.

“ఆయనెందుకు గట్ల నవ్వుతుండు?”

“జోకేసిండ్రు అత్తమ్మా” అన్నాడు బావ.

“ఎప్పుడు?”

ఈ ప్రశ్న మీద నేను చాలా ఆలోచించాను. కుల ధ్రువీకరణ పత్రానికి ఎమ్మార్వో సంతకం ఎలాగో, జోకుకు జడ్జి నవ్వు అలాగ. సంతకం లేని కాగితం చెల్లదు, జడ్జి నవ్వని జోకు జోకు కాదు. ఇంట్లో కూర్చున్నవాళ్లు నవ్వారా లేదా అన్నది రికార్డుల్లోకి ఎక్కదు. ఆ గంటలో జడ్జి నవ్వు నలభై ఒక్కసారి వచ్చింది, చిక్కుడు తొక్కల పక్కన గీతలు గీసి మరీ లెక్కపెట్టాను. మా ఇంట్లో ఒక్కసారి వచ్చింది. ఆ ఒక్కసారి సంగతి చెప్పే ముందు ప్రయోగం పూర్తి చేద్దాం.

పటిక వేశాక అన్నిటికంటే ముందు మునిగింది భార్యల మీద జోకులు. బరువెక్కువ. దాని వెంట చీర కట్టిన మగవాళ్లు దిగారు. తర్వాత లావు, నలుపు, బట్టతల, పొట్టి ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ద్వంద్వార్థాలు మాత్రం చాలాసేపు మధ్యలో తేలుతూ, ఎటు పోవాలో తెలియక తిరిగాయి. గంట తర్వాత నల్లా తిప్పితే గ్లాసులో పావు వంతు వచ్చింది.

ఆ పావు గ్లాసు ఇది. ఒక కుర్రాడు బస్సు కండక్టర్ వేషం వేశాడు. ప్రయాణికుడు నోటు ఇచ్చాడు. కుర్రాడు చిల్లర లేదని అనలేదు. టికెట్ వెనక ఏదో గీకి, చేతిలో పెట్టి, పెన్ను చెవి మీద దోపుకుని, ఆ మనిషి ఈ భూమ్మీద పుట్టనే లేదన్నట్టు ముందుకు పోయాడు. అంతే. నార్కట్‌పల్లి స్టేజీలో దిగి, టికెట్ వెనక రాసిన చిల్లర కోసం కండక్టర్ చుట్టూ తిరిగినవాళ్లందరం ఒక్కసారి నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. జడ్జి అప్పుడు నీళ్లు తాగుతున్నారు.

నల్లగొండ టెక్నిక్‌లో మొదటి నుంచీ ఒక చిక్కుంది. మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలి? శాస్త్రవేత్తలకు ఇంకా తలనొప్పే. టీవీ వాళ్లు మాత్రం దీన్ని ఎప్పుడో తేల్చేశారు. ముప్పై సెకన్ల ముక్కలుగా కోసి ఫోన్లలోకి వదులుతున్నారు. మర్నాడు పొద్దున్నే మా బావ స్టేటస్‌లో ఆ ‘థడేల్’ కనిపించింది. కండక్టర్ ఎక్కడా లేడు.

ప్రయోగమన్నాక పోల్చి చూడటానికి మంచి శాంపిల్ కూడా కావాలి కదా. 1987లో వచ్చిన ‘అహ నా పెళ్లంట’ తీసుకున్నాను. అందులో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. తిట్లు అందులోనూ ఉన్నాయి, పనివాడిగా బ్రహ్మానందం నానా మాటలూ పడతాడు. అయినా చివరికి నవ్వు పోయి పిసినారి మీదే పడుతుంది, తిట్లు తిన్నవాడి మీద కాదు. పటిక వేశాను, ఏమీ దిగలేదు. ‘అమృతం’ కూడా అంతే. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారం రాత్రి వచ్చేది. ఇద్దరు స్నేహితులు, ఒక నడవని హోటల్, ఒక ఇంటి ఓనరు. కరెంటు ఉంటే అమృతం, పోతే దోమలు. ఆ హోటల్ నష్టం మీద నవ్వుకున్నాం కానీ ఎవరి నడుము కొలత మీదా నవ్వలేదు. మా కోదాడ వేణుమాధవ్‌ను కూడా బకెట్లో వేయమని బావ అడిగాడు. ఉమ్మడి నల్లగొండ జిల్లావాడని ఒప్పుకోలేదు. పరిశోధనలో ఇలాంటి పక్షపాతం ఉంటే ముందే చెప్పాలట, చెప్పేశాను.

ఇక యాస సంగతి. దశాబ్దాల పాటు సినిమాల్లో మా మాటకు రెండే ఉద్యోగాలు దొరికాయి: రౌడీ, లేదా తిట్లు తినే నౌకరు. 2016లో ‘పెళ్లిచూపులు’ వచ్చాక పరిస్థితి మారింది. 2021లో ‘జాతిరత్నాలు’, 2022లో ‘డీజే టిల్లు’, ఆ మరుసటి ఏడు ‘బలగం’. ప్రమోషన్ వచ్చి మా యాస హీరో సీట్లో కూర్చుంది. దీనివల్ల మా బావకు కొత్త కష్టం మొదలైంది. ఇదివరకు హైదరాబాద్‌లో ఏదైనా షాపుకు పోయి నోరు తెరిస్తే లోపల్లోపల నవ్వుకునేవారు. ఇప్పుడు బయటికే నవ్వి, “అన్నా, టిల్లు లెక్క మాట్లాడుతున్నవ్, ఇంకోసారి అను” అంటున్నారు. ఇంకోసారి అన్నాడు. సరుకు ధర మాత్రం తగ్గించలేదు.

పటిక మోతాదు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను, క్షారాన్ని బట్టి మారుతుంది. ఊరికో లెక్క. అన్ని బావులకూ ఒకే గుప్పెడు వేస్తే కుదరదు. మా నల్లగొండ మాట వేరు, పాలమూరు మాట వేరు, కరీంనగర్ మాట మరీ వేరు. సినిమావాళ్లు అన్నింటినీ ఒకే డ్రమ్ములో పోసి, ప్రతి మాట ముందు ఒక ‘గా’, ప్రతి వాక్యం చివర ఒక ‘బై’ చల్లి, కలిపేసి, తెలంగాణ అంటున్నారు. మా అమ్మ అరవై ఏళ్లుగా ఈ భాషే మాట్లాడుతోంది. ఒక్కసారి కూడా ఎవరినీ ‘బై’ అనలేదు. ఆమె లెక్కన ఆమె తెలంగాణ మనిషి కాకపోవచ్చు.

ప్రయోగం రెండో ఆదివారం కూడా చేశాను. శాంపిల్ ఒక్కటే ఉంటే ఎవరూ నమ్మరు కదా. ఆ రోజు పక్కింటి తాత కూడా వచ్చాడు. మర్రిగూడ వైపు మనిషి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. చిన్నప్పటి నుంచి ఆ ఊరి బోరు నీళ్లే తాగాడు. ఫ్లోరైడ్‌కు ఎముకలు బిగుసుకుని మెడ తిరగదు. టీవీ చూడాలంటే స్టూలును మొత్తంగా అటు తిప్పి కూర్చుంటాడు. ఎవరైనా పలకరిస్తే స్టూలు ఇటు తిప్పుతాడు. ప్రకటనలప్పుడు ఇటు, ప్రోగ్రాం మొదలైతే అటు.

స్కిట్‌లో ఒకడు ముసలాడి వేషం వేశాడు. నడుము వంచి, మోకాళ్లు విడదీసి, వంకరగా నడుస్తూ వచ్చాడు. ‘థడేల్’ వచ్చింది. జడ్జి కుర్చీలోంచి జారారు. బావ గబగబా రిమోట్ వెతికాడు. నేను బకెట్ వైపు చూశాను. అమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగింది.

తాత కళ్లు చిన్నవి చేసి జాగ్రత్తగా చూస్తున్నాడు.

“వానికి నడవొస్తలేదు బిడ్డా” అన్నాడు. “కాలు ముందుగాల పడొద్దు. నడుము పోవాలె, ఎన్కంగ కాలు రావాలె.”

లేచాడు. గోడ పట్టుకుని వాకిలి దాకా నడిచి చూపించాడు. గడప దగ్గర ఆగి, మొత్తం ఒంటితో మా వైపు తిరిగాడు.

“గింత నడిచినందుకు వానికెంతిస్తరు?”

బావకు తెలియదు. నాకూ తెలియదు.

“నాకైతే ఆటో కిరాయి ఇచ్చినా వస్తనని చెప్పుండ్రి” అని, మళ్లీ వచ్చి స్టూలు టీవీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.