పదివేలు కట్టినాక?

కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయినప్పుడు, టీవీ ముందు కూర్చొని ఏడ్చినవాళ్లలో కర్నూల్లో ఉండే మా చిన్నాయన ఒకడు. రోడ్డు మీద పడిపోయిన బైకును ఆ బస్సు ఈడ్చుకుపోయింది. బైకు నడిపి చనిపోయిన కుర్రాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. అదంతా విన్న చిన్నాయనే, నెల తిరక్కుండా బ్రీత్ ఎనలైజర్‌కు దొరికాడు.

కోర్టులో 10,000 జరిమానా. చిన్నమ్మ కమ్మలు కుదువకు పోయాయి. ఆ సాయంత్రమే మళ్లీ తాగి ఇంటికొచ్చాడు. ఫోన్లో గట్టిగా అడిగితే, "కట్టినాను కదప్పా, ఇంగేముంది?" అన్నాడు.

చట్టమూ ఆ మాటే అంటోంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే నేరం. మొదటిసారి 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ రోజుకెంత తాగుతావని మా చిన్నాయనను అడిగినవాళ్లు లేరు.

నేనుండే అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో శిక్ష వేసేముందే ఆ అడగడం జరగాలి. పాత కేసులు, ఆ రోజు రీడింగు, తాగుడు అలవాటు చూసి ప్రమాదస్థాయి తేలుస్తారు. తక్కువైతే 10 గంటల క్లాసులు. బాగా ముదిరితే కనీసం 75 గంటల చికిత్స, ఆ తర్వాతా కనిపెట్టుకొని ఉంటారు. పెళ్లిలో ఒకరోజు తాగినవాణ్ణీ, పొద్దున చుక్క పడందే చేయి నిలవనివాణ్ణీ ఒకే గాటన కట్టరు.

మన దగ్గర ఇది సాగదంటే నేనొప్పుకోను. తాగుడు ఎంత ముదిరిందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ (AUDIT) అనే పరీక్షలో ఉన్నవి 10 ప్రశ్నలే. 40 మార్కుల్లో 8 వచ్చిందంటేనే జాగ్రత్తపడాలి. సెలవులకు పోయినప్పుడు అరుగు మీద కూర్చొని నేనే అడిగాను. ఐదింటికి నవ్వుతూ చెప్పాడు. పొద్దున్నే తాగితే గానీ పని మొదలుపెట్టలేని రోజులున్నాయా అన్నది ఆరోది. టీ గ్లాసు కింద పెట్టాడు. ఎంతసేపటికీ నోరు విప్పలేదు. లోపల్నుంచి చిన్నమ్మ "దినామూ" అంది.

27 వచ్చింది.

మరునాడు ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇంత ముదిరినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు, మందులిస్తూ మాన్పించాలి అన్నారు డాక్టరు. నాకు ఒళ్లు జలదరించింది. జరిమానాకు బదులు జైల్లో వేసి ఉంటే?

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం ఏటా ఊళ్లకు ఆర్వో ప్లాంట్లకనీ, బడి గదులకనీ డబ్బు పంపుతోంది. ఈసారి కర్నూలు, అనంతపురం, కడప కోర్టుల దగ్గర ఒక్కో కౌన్సిలర్‌ను పెడితే జీతం మనం భరిస్తామని ఆ జిల్లాల న్యాయసేవాధికార సంస్థలకు రాద్దాం. జరిమానా రశీదు చేతికిచ్చే ముందు ఆ పది ప్రశ్నలూ అడిగితే చాలు, ఆసుపత్రికి పోవాల్సినవాళ్లెవరో తేలిపోతారు.

చిన్నాయనకు మందులు నడుస్తున్నాయి. రెండుసార్లు తప్పాడు, మళ్లీ పోయాడు. బండి తాళం చిన్నమ్మ కొంగున ఉంది.