మా ఇంటి స్లాబు గారికి, కింద ఉడుకుతున్నవారు రాయునది

గౌరవనీయులైన స్లాబు గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను కానీ చెయ్యి రాలేదు. మీరు మాత్రం దివ్యంగా ఉన్నారని ఇందాకే తెలిసింది. పొద్దున పదింటికి వస్తానన్న ఏసీ మెకానిక్ మధ్యాహ్నం మూడింటికి వచ్చి, ఫిల్టరు ఊడదీసి దులిపి, గ్యాస్ చూసి, రిమోటు అటూ ఇటూ నొక్కి, చివరికి కుర్చీ ఎక్కి సీలింగుకి అరచెయ్యి ఆనించాడు. ఆనించి టక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఏసీ బంగారంలా ఉంది సార్, ప్రాబ్లం మీ స్లాబుది" అన్నాడు. విజిటింగ్ చార్జీ 500 ఫోన్‌పేలో వేయించుకుని, చెప్పులు తొడుక్కుంటూ ఒక సలహా మాత్రం ఉచితంగా ఇచ్చాడు. "పైన ఇంకో ఫ్లోర్ వేసుకోండి సార్, చల్లగా ఉంటుంది."

ఆ మాట సంగతి తర్వాత చూద్దాం. ముందు చిల్లర లెక్కలు తేల్చుకుందాం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మీరు పగలరు. అంత ఎండనీ పంటి బిగువున భరించి, మృగశిర చినుకు పడగానే, సరిగ్గా బీరువా ఉన్న మూలనే చూసుకుని నెర్రె ఇస్తారు. మీ నెత్తి మీద కూర్చున్న ట్యాంకు సంగతి కూడా తమ దృష్టికి తేవాలి. మే నెలలో అడక్కుండానే మరిగిన నీళ్లు పంపుతుంది, డిసెంబరులో చెయ్యి పెడితే కొరుకుతుంది. ఇక ఫాల్స్ సీలింగ్ అంటారా, మీ ముఖం కనపడకుండా లక్ష పైన పోసి కట్టించాం, అందులో లైట్లు బాగున్నాయి, వేడి తేడా తెలియలేదు.

ఇవన్నీ వదిలేస్తాను. వదల్లేనిది రాత్రి సంగతి.

పగలు వేడిగా ఉన్నారంటే ఏమనుకోను, పైన సూర్యుడున్నాడు, మీరేం చేస్తారు పాపం. రాత్రి పదిన్నరకి ఏమిటండీ? బయట వీధిలో గాలి తిరిగింది, కుక్కలు కూడా హాయిగా పడుకున్నాయి, అరుగు మీద కూర్చుంటే ప్రాణం లేచొస్తోంది. బెడ్‌రూమ్‌లోకి అడుగు పెడితే ఫ్యాను నెత్తిన వేడి గాలి కుమ్మరిస్తోంది. పరుపు వేడి, తలగడ వేడి, గోడకి ఆనుకుంటే గోడ వేడి. కారణం చదువుకున్నాను లెండి. 5 అంగుళాల మందం, వెయ్యి చదరపు అడుగులు అంటే మీ ఒంటి బరువు సుమారు 30 టన్నులు. పగలంతా అన్ని టన్నులూ వేడెక్కి కూర్చుంటాయి. మధ్యాహ్నం నెత్తిన పడిన ఎండ మీ ఒళ్లంతా దాటుకుని కిందికి దిగేసరికి సాయంత్రం అవుతుంది, మేము ఆఫీసుల నుంచి వచ్చేదీ అప్పుడే. అప్పుడు మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా మా మీద వదులుతారు. ఇదే నా కడుపుమంట. మేం ఇంట్లో లేనప్పుడు వదలొచ్చుగా?

మీకేం తక్కువ చేశామని? మిమ్మల్ని పోసిన రోజున కొబ్బరికాయ కొట్టాం, మిల్లరుకి పసుపు కుంకుమ పెట్టాం, కూలీలందరికీ చికెన్ బిర్యానీ పెట్టించాం. మర్నాటి నుంచి గట్లు కట్టి నీళ్లు నిలబెట్టి మూడు వారాలు బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాం. మా ఆవిడ తన వంటింటి టైల్స్ బడ్జెట్ తగ్గించుకుని మీకు మంచి సిమెంటు వేయించింది.

అసలు మీరు ఈ రూపంలో రావాల్సినవారే కాదు. ఇది మీకు తెలియకపోవచ్చు. నేను అడిగింది వేరు. 1960ల్లో కెనడాలో వెర్నర్ గ్రెగొరి అనే కాంట్రాక్టరు థర్మాకోల్ దిమ్మెలు పేర్చి వాటి మధ్య కాంక్రీటు పోసి గోడలు కట్టే పద్ధతి తెచ్చాడు. తర్వాత అదే బాటలో అమెరికాలో కప్పులు కూడా వేస్తున్నారు. థర్మాకోల్ పలకలు వరసగా పరుస్తారు, వాటిలో గాడులుంటాయి, గాడుల్లో ఊచలు పెట్టి పైన మెష్ పరిచి కాంక్రీటు పోస్తే గాడుల్లో పడిందంతా బీములవుతుంది, పైన పల్చటి స్లాబు నిలుస్తుంది. సెట్టయ్యాక కింద ఆనించిన కర్రలు తీసేస్తారు, థర్మాకోల్ మాత్రం తీయరు. అది కప్పుకి లోపలి పొరగా అక్కడే ఉండిపోతుంది, కింద బోర్డు బిగించి మూసేస్తారు. థర్మాకోల్ కంటే కాంక్రీటు వేడిని దాదాపు 40 రెట్లు ఎక్కువ పోనిస్తుంది. అంటే పైన మీరెంత ఉడుక్కున్నా ఆ ఉడుకు మీ దగ్గరే ఉండేది.

ఇది మేస్త్రీకి ఫోన్‌లో వీడియో పెట్టి చూపించాను. చివరి దాకా చూశాడు, మర్యాదస్తుడు. చూసి, "థర్మాకోలు పెళ్లి స్టేజీ మీద పేర్లు అతికించడానికి సార్" అన్నాడు. ఇంజినీరు గారు "కాన్సెప్ట్ చాలా బాగుంది, మనకి సెట్టవదు" అన్నారు. ఎందుకు సెట్టవదో ఇవాళ్టికీ చెప్పలేదు. బామ్మర్ది ఎలుకలు తింటాయన్నాడు, అంటుకుంటుందన్నాడు, నిజమే, అందుకే కింద బోర్డో ప్లాస్టరో వేసి మూస్తారని చెప్పబోతే అప్పటికే టీ తాగడానికి వెళ్లిపోయాడు. మా పెదనాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. "స్లాబు ఇల్లంటే పిల్లనిస్తార్రా, థర్మాకోలు ఇల్లంటే ఎవడిస్తాడు?" నాకు పెళ్లయి పిల్లలున్నారు. అయినా ఆ వాదనే నెగ్గింది.

పోనీ థర్మాకోల్ వద్దు. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు స్లాబు కింది భాగంలో, పెద్దగా బరువు మోయని చోట్ల, కాంక్రీటు బదులు పెంకులు ఇరికించి ఫిల్లర్ స్లాబులు వేయించాడు. ఖర్చూ తగ్గింది, వేడీ తగ్గింది. అదన్నా వేయమంటే పెంకులెక్కడ దొరుకుతాయి సార్ అన్నారు. ఆ పక్కనే మా తాతగారి పెంకుటిల్లు కూలగొట్టిన పెంకులు గుట్టగా పోసి ఉన్నాయి. ఆ ఇంట్లో పెంకుల కింద అటక, పెంకుల సందుల్లోంచి వేడి ఎటుపోయేది అటు పోయేది, మే నెల మధ్యాహ్నం చాప వేసుకుని నిద్రపోయేవాళ్లం. అది పీకి మిమ్మల్ని తెచ్చుకున్నాం, హోదా కోసం.

గవర్నమెంటుకైనా తెలుసు మీ గురించి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే తప్పనిసరి, తక్కువైతే మన ఇష్టం. మాది 150 గజాలు. ఎండ కూడా మన ఇష్టమేనా అని అడగడానికి ఎవరూ దొరకలేదు. సరే మన ఇష్టమే కదా అని తెల్ల పెయింటు వేయించాను. పది డిగ్రీలు తగ్గుతుందని ఆ పెయింటు కుర్రాడు పిట్టగోడ మీద చెయ్యేసి చెప్పాడు. తెల్లగా ఉన్నన్నాళ్లు కాస్త తేడా తెలిసిన మాట నిజం. రోడ్డు దుమ్ము, పావురాలు కలిసి దాన్ని బూడిద రంగుకి తెచ్చేశాయి. కుర్రాడికి ఫోన్ చేస్తే కడుక్కోవాలి సార్ అన్నాడు. 30 టన్నుల మిమ్మల్ని నేను కడగాలి!

ఇప్పుడు ఆ ఫ్లోర్ మాటకి వస్తాను. ఇంక ఈ గారూ, మీరూ నావల్ల కాదు.

నువ్వు వేడి స్లాబూ అని ఎవరికి చెప్పినా ఒకటే మందు. మెకానిక్, పెయింటువాడు, ఎదురింటాయన, బ్యాంకులో లోన్ చూసే ఆవిడ, అందరూ "పైన ఇంకో ఫ్లోర్ వేసుకోండి." థర్మాకోల్ అంటే నవ్వినవాళ్లే ఇరవై లక్షల ఫ్లోర్ అంటే మాత్రం సీరియస్‌గా తలూపుతారు. ఆ ఫ్లోర్‌కి కప్పు ఏం వేస్తారు? మళ్లీ నిన్నే. మళ్లీ 5 అంగుళాలు, మళ్లీ బిర్యానీ. అప్పుడు పైనవాళ్లు ఉడుకుతారు, వాళ్లకి ఎవడో చెబుతాడు, పైన ఇంకో ఫ్లోర్ వేసుకోండని. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేసేవాళ్లు అద్దె ఎంత అనే ముందు "పైన ఇంకో ఫ్లోర్ ఉందా అండీ" అని ఎందుకు అడుగుతారో ఊరంతటికీ తెలుసు. తెలిసీ, మనిషికి గొడుగుగా ఇంకో మనిషిని నిలబెట్టడం తప్ప ఎవరికీ ఏమీ తోచదు. సిగ్గుండాలి.

అందుకు సాక్ష్యం నీ నెత్తి మీదే ఉంది. పిల్లర్ల ఊచలు. రాబోయే ఫ్లోర్ కోసమని ఇల్లు కట్టినప్పుడే వదిలేసినవి, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసినవి, ఆ పూత రాలిపోయి ఎర్రగా మారి ఆకాశంలోకి చూస్తున్నవి. ఆ ఫ్లోర్ రాలేదు, ఇప్పట్లో రాదు. వాటికి దండెం కట్టుకున్నాం. దాని మీద నా చొక్కా ఆరడానికి పావుగంట చాలు, అది ఒప్పుకుంటాను. వడియాలూ ఒక్క ఎండకే గలగలమంటాయి. మొన్నటి గాలివానకి పక్క వీధిలో రేకులు లేచిపోతే నువ్వు ఇంచు కదల్లేదు, ఆ రాత్రి నీ కింద ధైర్యంగానే పడుకున్నాం. చెమటలు కక్కుతూ పడుకున్నాం, అది వేరే సంగతి.

నీకు తెలియజేయడమేమనగా, నేను ఆగదలుచుకోలేదు. కింద పెట్టనివ్వని థర్మాకోల్ పైన పెట్టిస్తాను. రెండంగుళాల గట్టి షీట్లు, కింద వాటర్‌ప్రూఫింగ్, పైన సిమెంటు మాలు, ఆపైన తెల్ల టైల్స్. ఎండ నిన్ను ముట్టుకోకుండా చేస్తాను, అప్పుడు రాత్రి ఏం వదులుతావో చూస్తా. మేస్త్రీకి ఇప్పుడే ఫోన్ చేశాను. అంతా ఓపిగ్గా విని, ఈసారి నవ్వకుండా, ఒక్కటే సందేహం అడిగాడు.

"వేద్దాం సార్, కానీ రేపు పైన ఫ్లోర్ వేసేటప్పుడు అదంతా పీకాలి కదా?"

ఇట్లు,
నీ కింద ఇంకా కాపురం చేస్తున్నవాడు

తా.క.: ఈ నెల కరెంటు బిల్లు దండెం పక్కన క్లిప్పుకి పెట్టాను. చూసుకో.