స్టేడియం సరే, ఆ స్థలం సంగతేంటి?

హైస్కూలు గ్రౌండ్‌ను స్టేడియం చేస్తామంటే ఎవరూ కాదనరు, మేమూ కాదనం. పిల్లలు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, కార్ల మధ్య క్రికెట్ ఆడుకుంటున్న రోజులివి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది, అది ఎంతవరకు అమలైందో ఏ ఊరివాళ్లను అడిగినా చెబుతారు. కాబట్టి గ్యాలరీ, 400 మీటర్ల ట్రాక్, ఫ్లడ్‌లైట్లు వస్తున్నాయంటే సంతోషమే. మా పేచీ అంతా ఒక్క పేజీ గురించి. ప్లాన్‌లో గ్యాలరీ ఎత్తు ఉంటుంది, పార్కింగ్ ఉంటుంది, శిలాఫలకం మీద ఎవరి పేరు పైన రావాలన్నది కూడా ముందే తేలిపోతుంది, కానీ ఆ స్థలం ఇవాళ ఏ స్థితిలో ఉందో చెప్పే పేజీ మాత్రం ఉండదు. వాన పడితే నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయి, గాలిలో దుమ్మెంత, పక్క రోడ్డు మీద సాయంత్రం పూట ఎన్ని లారీలు తిరుగుతున్నాయి, పైనుంచి ఏ కరెంటు లైను వెళ్తోంది, కింద ఎప్పుడో ఎవరో ఏం పూడ్చారు, ఇవేవీ అందులో ఉండవు.

ఇది అడిగితే అభివృద్ధికి అడ్డుపడుతున్నారంటారు. అననివ్వండి.

చట్టం ఏం చెబుతోందో ముందు చూద్దాం. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణానికి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. 2014లో కేంద్రం బడులకు, కాలేజీలకు, వాటి హాస్టళ్లకు ఇందులోంచి పెద్ద మినహాయింపు ఇచ్చింది. 2025 జనవరిలో మళ్లీ నోటిఫికేషన్ తెచ్చి అదే మినహాయింపును కొనసాగించబోతే ఆగస్టు 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చదువు చెప్పే సంస్థ అయినంత మాత్రాన దాని భవనం నీళ్లనూ నేలనూ వాడకుండా ఉండదు కదా, అందుకే మా దృష్టిలో అది సరైన తీర్పు. అయితే దీంతో బడి స్టేడియాలన్నీ తనిఖీలోకి వచ్చేస్తాయనుకుంటే పొరపాటే. ఇప్పుడు లెక్కపెట్టేది కప్పు ఉన్న విస్తీర్ణాన్ని. 400 మీటర్ల ట్రాక్‌కే దాదాపు నాలుగెకరాలు పడుతుంది, కానీ అదంతా ఆకాశం కింద ఉంటుంది కాబట్టి లెక్కలోకి రాదు. ఒక చిన్న గ్యాలరీ, రెండు డ్రెస్సింగ్ రూములు, టాయిలెట్లు కలిపితే 20,000 చదరపు మీటర్ల దరిదాపుల్లోకి కూడా పోదు. అంటే ఐదెకరాల నేల స్వభావం మొత్తం మారిపోతున్నా ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేదు.

పోనీ పర్యావరణ నివేదిక రాయాల్సి వచ్చిన పెద్ద ప్రాజెక్టుల్లో అయినా ఇప్పటి పరిస్థితిని సరిగ్గా చూస్తున్నారా అంటే, అక్కడా ఒక తమాషా ఉంది. సాధారణంగా ఒక్క సీజన్ కొలతలు చాలు, అదీ వానాకాలం కాకుండా. ఊళ్లో రెండు సెంట్ల స్థలం కొనేవాడు కూడా ఒక మంచి వాన పడ్డాక వెళ్లి చూసొస్తాడు, ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో, పక్కింటి మురుగు ఎటు వస్తోందో. కోట్లు పెట్టి కట్టే దానికి మాత్రం ఎండిపోయిన నేలను చూసి సరిపెడతాం.

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. బడులకు ఇచ్చిన స్థలాల్లో చాలావరకు ఊళ్లో వేరే దేనికీ పనికిరాక మిగిలిపోయినవే, చెరువు శిఖమో, వాగు పక్క పోరంబోకో, రాళ్ల గుట్టో. తెలంగాణలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటి మట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ వదలాలని నిబంధన ఉంది. ఆ గీత ఎక్కడుందో కాగితం మీద తేల్చకుండానే శంకుస్థాపనలు జరిగిపోతుంటాయి. ఆటస్థలం కోసం ముందు చేసేది నేలను ఎత్తు చేయడం, నాలుగడుగుల మట్టి పోసి రోలర్ తొక్కించడం. అప్పటిదాకా ఆ పల్లంలో ఆగి ఇంకిపోయే నీళ్లు పక్క కాలనీలోకి పోతాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మనం చూసింది ఇదే, నీళ్లకు దారి ఉండాల్సిన చోట ఇంకేదో కట్టుకున్నాం. బడి గ్రౌండ్లకు ఇంకో ఉపయోగం కూడా ఉంది, వరదొస్తే జనాన్ని చేర్చేది బడిలోకే. ఆ బడే మునిగితే ఎక్కడికి పోవాలి?

ఇంతవరకు అడిగింది స్టేడియం వల్ల చుట్టుపక్కల ఏమవుతుందని. అసలు అడగాల్సింది ఇంకొకటుంది, చుట్టుపక్కల వాటివల్ల అందులో ఆడే పిల్లలకు ఏమవుతుంది? మన నివేదికల్లో ఈ ప్రశ్న దాదాపు ఉండదు.

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది పదింతలు దాటొచ్చు, పైగా ముక్కుతో చాలక నోటితో పీలుస్తాం కాబట్టి ముక్కులో ఆగాల్సిన దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. పిల్లల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. మన జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 అనే సన్నటి ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 15 చాలంటోంది. ఆ సగటుతోనే వచ్చింది చిక్కు. కోచింగ్ జరిగేది తెల్లవారుజామున ఐదున్నర నుంచి, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. చలికాలంలో పొద్దున్నే పొగ పైకి లేవకుండా నేలకు అంటుకుని ఉండే సమయం అది, సాయంత్రమేమో ట్రాఫిక్. మధ్యాహ్నపు ఎండలో గాలి కాస్త శుభ్రంగా ఉన్న గంటలన్నీ కలిపి సగటు తీస్తే నంబరు బాగానే కనిపిస్తుంది, కానీ ఆ గంటల్లో గ్రౌండ్‌లో ఎవరూ ఉండరు. క్రషర్ల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర, బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద చెరువుల దగ్గర, నేషనల్ హైవేకు ఆనుకుని ఉన్న బడుల్లో పీఈటీ సార్లను అడగండి, ఏ నెలలో పిల్లలు ఎక్కువ దగ్గుతారో ఏ పరికరమూ లేకుండానే చెబుతారు.

ఢిల్లీ సంగతి తెలిసిందే. 2017 డిసెంబరులో కోట్లా మైదానంలో శ్రీలంక ఆటగాళ్లు మాస్కులు పెట్టుకుని ఫీల్డింగ్ చేస్తే మనవాళ్లు కొందరు వెక్కిరించారు. 2025 నవంబరుకు వచ్చేసరికి బడుల ఆటల పోటీలను కాలుష్యం తక్కువగా ఉండే నెలలకు మార్చే విషయం చూడమని సుప్రీంకోర్టే గాలి నాణ్యత కమిషన్‌కు చెప్పాల్సి వచ్చింది. స్టేడియాలు అన్నీ కట్టేశాక వచ్చిన జ్ఞానం ఇది.

ఈ ప్రశ్నను చట్టంలోకి ఎక్కించిన చోటు ఒకటుంది, కాలిఫోర్నియా. ఊరికే ఎక్కించలేదు, బాగా దెబ్బతిన్నాకే. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున బెల్మాంట్ లెర్నింగ్ సెంటర్ పేరుతో 1990ల చివర్లో ఒక పెద్ద హైస్కూలు కట్టడం మొదలుపెట్టారు. ఆ నేల కింద ఉన్నది పాత చమురు క్షేత్రం. సగం కట్టాక మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుల గొడవ మొదలైంది, 2000లో పనులు ఆపేశారు. మళ్లీ మొదలుపెడదామంటే 2002లో కింద భూకంప పగులు బయటపడింది. కట్టిన వాటిలో కొన్ని కూల్చి, ప్లాన్ మార్చి, ఎడ్వర్డ్ రాయ్‌బాల్ పేరు పెట్టి 2008లో తెరిచేసరికి ఖర్చు 30 కోట్ల డాలర్లు దాటింది. అది స్టేడియం కాదు, నిజమే, కానీ పాఠం నేల గురించి. ఆ రచ్చ తర్వాత 2000 నుంచి అక్కడ ప్రభుత్వ నిధులతో కట్టే కొత్త బడి స్థలాన్ని విషపదార్థాల నియంత్రణ శాఖ పరిశీలించాలి. కొత్త బడి స్థలానికి పావు మైలు లోపల ప్రమాదకర వాయువులు వదిలే పరిశ్రమలేవో, 500 అడుగుల లోపల పెద్ద రహదారి ఉందో లేదో తేల్చాలి. మామూలు ప్రాజెక్టుల్లో చుట్టుపక్కల పరిస్థితి అక్కడికి రాబోయేవాళ్లను ఏం చేస్తుందో విశ్లేషించనక్కర్లేదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2015లో చెప్పింది, కానీ బడుల విషయంలో చట్టం పెట్టిన మినహాయింపులను మాత్రం అలాగే ఉంచింది.

పావు మైలంటే 400 మీటర్లు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయినప్పుడు వెంకటాపురం ఇళ్లు ఆ ప్రహరీకి ఎంత దూరంలో ఉన్నాయో అందరం టీవీల్లో చూశాం. పటాన్‌చెరు, బొల్లారం వైపు బడుల గ్రౌండ్ల చుట్టూ ఇదే వృత్తం ఒక్కసారి గీసి చూడమని మా సూచన.

కాలిఫోర్నియా నుంచే ఇంకో రెండు సంగతులు. శాన్‌డియాగోలో హూవర్ హైస్కూలు స్టేడియానికి ఫ్లడ్‌లైట్లు పెడతామంటే పక్క వీధుల వాళ్లు కోర్టుకెళ్లారు. ట్రాఫిక్, పార్కింగ్ మీద పూర్తి నివేదిక కావాల్సిందేనని 2013లో అప్పీల్ కోర్టు చెప్పింది. అందులో మాకు నచ్చింది, మ్యాచ్ రోజున మా వీధి ఇలా అవుతుందని అక్కడ ఉండేవాళ్లు చెప్పిన మాటలను కోర్టు సాక్ష్యంగా తీసుకోవడం. మన దగ్గర ఇన్‌స్టిట్యూట్ లెటర్‌హెడ్ ఉన్న కాగితానికున్న విలువ ముప్పై ఏళ్లుగా ఆ గోడ పక్కన ఉంటున్నామె మాటకు ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సెయింట్ ఇగ్నేషియస్ అనే ప్రైవేటు హైస్కూలు తన గ్రౌండ్‌లో 90 అడుగుల లైటు స్తంభాలు నాలుగు పెడితే, చిన్న పనే కదా అని నగరం సమీక్ష లేకుండా వదిలేసింది. ఏడాదికి 150 రాత్రుల వరకు వెలిగే లైట్లు చిన్న పని కాదని 2022లో అప్పీల్ కోర్టు తిప్పికొట్టింది. ఇన్ని కేసులేంటి, ఆటలు ఆడనివ్వరా అని విసుగొస్తుంది, మాకూ వస్తుంది. డబ్బున్న వీధుల వాళ్లు పేద పిల్లల గ్రౌండ్‌ను ఏళ్ల తరబడి ఆపడానికి ఇలాంటి చట్టాలను వాడుకోరని గ్యారంటీ ఏమీ లేదు. కానీ పనులు మొదలుకాక ముందే ఉన్నదున్నట్టు కొలిచి అందరి ముందూ పెడితే కోర్టుకెళ్లే కారణాల్లో సగం అక్కడే పోతాయి.

శబ్దం విషయంలో మన పరిస్థితి కాస్త నవ్వు తెప్పిస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో బడి చుట్టూ కనీసం వంద మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చని ఉంది, అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబుల్స్ మించకూడదు. అదే బడి ఆవరణలో మైకులు, డీజే, కామెంటరీతో స్టేడియం కడుతున్నాం. పక్కన పీహెచ్‌సీ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఎండ గురించి ఎవరూ మాట్లాడటం లేదు, అది మాకు నిజంగా టెన్షన్ పెడుతోంది. ఇప్పుడు ప్రతి ప్రతిపాదనలోనూ సింథటిక్ టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, ఉంటోంది, ఫొటోల్లో పచ్చగా కనిపిస్తుంది కాబట్టి. అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో తమ కృత్రిమ టర్ఫ్‌ను కొలిస్తే, గాలి 37 డిగ్రీలున్న రోజున టర్ఫ్ పైపొర 93 డిగ్రీలదాకా వెళ్లింది. మన రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో గాలే 45 దాటుతుంది. సమ్మర్ కోచింగ్ క్యాంపులు పెట్టేది కూడా ఆ నెలలోనే. టర్ఫ్‌ను చల్లబరచాలంటే నీళ్లు కొట్టాలి, ఆ నీళ్లు ఏ బోరు నుంచి? అదే ఊళ్లో వేసవిలో ట్యాంకర్లు తిరుగుతుంటే? ఆ గ్రౌండ్ గట్టున ఇప్పుడున్న వేప, కానుగ చెట్లు గ్యాలరీ కోసం మొదట పోతాయి, మధ్యాహ్నం పిల్లలు అన్నం తినేది వాటి కిందే.

ఇప్పటి పరిస్థితి అంటే గాలీ నీరూ మాత్రమే కాదు, అక్కడ ఇప్పుడు ఏం జరుగుతోందన్నది కూడా. హైస్కూలు గ్రౌండ్ అనేది మన ఊళ్లలో బడి ఆస్తి మాత్రమే కాదు. పొద్దున వాకింగ్, మధ్యాహ్నం గేదెలు, వరి కోతలప్పుడు ధాన్యం ఆరబోత, దసరాకు రావణ దహనం, దీపావళికి టపాసుల షాపులు, ఎన్నికలప్పుడు హెలిప్యాడ్. ఆ నేలలో మేకులు, గాజుపెంకులు, టపాసుల రసాయనాలు ఎంత మిగిలాయో మట్టి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. చుట్టూ కంచె వేసి గేటుకు తాళం పెట్టేస్తే ఈ పనులన్నీ ఎక్కడికి పోతాయో కూడా ఆలోచించాలి, లేకపోతే ఆరు నెలల్లో కంచెకు కన్నం పడుతుంది.

స్థలం చూడకుండా పెడితే ఏమవుతుందో తెలంగాణకు అనుభవమే. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు, ఆలోచన మంచిదే. కానీ ఎకరం ఎక్కడ దొరికితే అక్కడ బోర్డు పాతడంతో కొన్ని ఊరికి దూరంగా, కొన్ని శ్మశానాల పక్కన, కొన్ని గుట్టల మీద తేలాయని, పిచ్చిమొక్కలు మొలిచాయని అప్పుడే పత్రికలు రాశాయి. కడ్డీలు పాతారు, బోర్డులు రాయించారు, పిల్లలు రాలేదు.

ఇంతకీ మేం అడిగేది పెద్దదేం కాదు. 20,000 చదరపు మీటర్లు రాకపోయినా సరే, బడి స్టేడియం అనుకున్న ప్రతి చోటా మే, ఆగస్టు, డిసెంబరు నెలల్లో, పిల్లలు ఆడే గంటల్లోనే గాలి, వేడి, నీళ్ల నిలవ, శబ్దం కొలవండి. హైటెన్షన్ లైను ఉంటే దాని కింద వదలాల్సిన జాగా, 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్లు, ప్లాన్ మీద గీయండి. ఆ కొలతలు టెండరు పిలవక ముందే బడి గోడ మీద తెలుగులో అంటించండి, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో చదివించండి. ఈ చోటు పనికిరాదు, వేరే చూడండి అని ఆ కమిటీ చెబితే వినే అధికారి ఒకరుండాలి. దీనికి ఖర్చవుతుందంటే గ్యాలరీలో ఒక వరుస తగ్గించండి. మొదటి కొలత వచ్చే డిసెంబరులోనే తీయొచ్చు, దానికి మంత్రిగారి డేటు దొరికేదాకా ఆగాల్సిన పని కూడా లేదు.