మోదుగకు మూడు ఆకులు కావు, ఒక్కటే
సంయుక్త పత్రం (కొన్ని భాగాలుగా విడిపోయిన ఒకే ఆకు), పత్రకం (అందులో ఒక్కో భాగం) లాంటి మాటలు పరీక్షలకే తప్ప చెట్టును గుర్తుపట్టడానికి అక్కర్లేదని చెట్ల గురించిన ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మహారాష్ట్రలోని మా సిరొంచ వైపు కూడా మోదుగకు మూడే ఆకులు అంటాం. నిజానికి ఆ మూడూ పత్రకాలు, కలిస్తేనే ఒక ఆకు. కాడ కొమ్మకు అతికిన చోట చూడండి, చిన్న మొగ్గ ఉంటుంది; ఆకు మొదలయ్యే చోటుకు అదే గుర్తు. విస్తరి కుట్టడానికి మనం తుంచే ఒక్కోదాని మొదట్లో ఆ మొగ్గ ఉండదు. మారేడుకూ మూడే, కానీ దానికి ముళ్లుంటాయి, నలిపితే వాసనొస్తుంది. మోదుగనే ఇక్కడ మరాఠీలో పళస్ అంటారు. మా అమ్మాయి మోదుగ, పళస్ రెండు వేర్వేరు చెట్లనుకుంది. ఆకు లక్షణాలు ఒక్కొక్కటీ పోల్చి చూశాకే ఆ తికమక పోయింది.