సొంత మాటల నివారణలో మన ఘన విజయం

పిల్లలకు రాయడం నేర్పడంలో మన చదువులు విఫలమయ్యాయని ఈమధ్య కొందరు పెద్దలు సభలెక్కి వాపోతున్నారు. ఇది శుద్ధ అన్యాయం. ఎల్‌కేజీ నుంచి ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం దాకా ఒక మనిషి చేత రోజూ రాయిస్తూ, ఆ వేల పేజీల్లో ఎక్కడా అతడి సొంత వాక్యం ఒక్కటి కూడా దొర్లకుండా కాపాడుకురావడం ఎంత కష్టమో వీరికి తెలియదు. చేతిలో కలం ఉన్నాక ఎంత బుద్ధిమంతుడైనా ఏదో ఒక రోజు మనసులో మాట రాసేస్తాడు. అలా జరగకుండా చూడాలంటే బడి, ఇల్లు, బోర్డు, గైడ్ల ప్రచురణకర్తలు ఒక్క కట్టుగా పనిచేయాలి. మన దగ్గర పనిచేస్తున్నారు.

పునాది అక్షరాభ్యాసం నాడే పడుతుంది. బాసరలోనైనా ఇంట్లో దేవుడి గదిలోనైనా పళ్లెంలో బియ్యం పోసి ‘ఓం నమః శివాయ’ రాయిస్తారు. వేలు పిల్లవాడిది, దాన్ని పట్టుకుని నడిపించే చెయ్యి తండ్రిదో పంతులుగారిదో. ఇందులో తప్పుపట్టవలసింది లేదు; మూడేళ్లవాణ్ణి వాడి మానాన వదిలేస్తే బియ్యం నేలపాలవుతుంది. ఆనాడు పట్టుకున్న చేతిని ఆ తర్వాత ఎన్నడూ వదలకపోవడమే మన గొప్పతనం.

వెంటనే చూచిరాత మొదలవుతుంది. ఒకటో తరగతిలో చూచిరాత అన్నదాన్నే పదో తరగతి పరీక్ష హాల్లో మాల్‌ప్రాక్టీస్ అంటారు, పీహెచ్‌డీకి వచ్చేసరికి సాహిత్య సమీక్ష అంటారు. అల్లరి చేస్తే శిక్ష కూడా రాయడమే. ‘ఇంకెప్పుడూ తరగతిలో మాట్లాడను’ అని వందసార్లు ఇంపోజిషన్. పిల్లలు దీన్ని అడ్డంగా రాయరు. ముందు ‘ఇంకెప్పుడూ’ అన్న మాటను పేజీ పొడుగునా నిలువుగా దించుకొచ్చి, ఆ తర్వాత ‘తరగతిలో’ అందుకుంటారు. పదహారేళ్ల చదువులో వాళ్ల సొంత బుర్ర రాతలోకి దిగేది బహుశా ఇక్కడొక్కచోటే. ఏ టీచరూ దానికి మార్కులు వేసిన దాఖలా లేదు.

ఇక లేఖారచన. విహారయాత్ర గురించి మిత్రుడికి ఉత్తరం రాయాలి. పరీక్షలో అసలు పేరూ ఊరూ బయటపెట్టకూడదు కనుక రాసేవాడి పేరు మూడు ఇంటూ గుర్తులు, అందుకునేవాడి పేరూ మూడు ఇంటూ గుర్తులే. ‘నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను’ అంటూ మొదలై, నాగార్జునసాగర్ డ్యామును చూసి ఆనందించిన వైనంతో ముగుస్తుంది. ఎవరూ కాని ఒకడు, ఎవరూ కాని మరొకడికి, జరగని యాత్ర గురించి, పోస్టులో వేయని ఉత్తరం రాస్తాడు. దాన్ని చూసి మనం అయిదుకు అయిదు వేస్తాం. సెలవు చీటీ సంగతి చెప్పనే అక్కర్లేదు. మేనత్త పెళ్లయినా, ఊళ్లో జాతరయినా, చీటీలో మాత్రం జ్వరమే.

కొంచెం చరిత్ర చెప్పాలి. విద్యార్థి తెలుగు కాంపోజిషన్ ఏ భాషలో రాయాలన్న దానిపై ఒకప్పుడు ఈ నేలమీద పెద్ద యుద్ధమే జరిగింది. గ్రాంథికంలోనే రాయాలని జయంతి రామయ్య పంతులు పక్షం, వాడుక భాషలో రాయనివ్వాలని గిడుగు రామమూర్తి పక్షం. మద్రాసు విశ్వవిద్యాలయ కాంపోజిషన్ సంఘంలో సభ్యుడైన గురజాడ అప్పారావు వాడుక భాష పక్షాన నిలిచి, సంఘం నిర్ణయంతో విభేదించి 1914లో పెద్ద అసమ్మతి పత్రమే సమర్పించారు. మరుసటేడే కన్నుమూశారు. పాపం, ఆ పెద్దలందరూ ఒక విషయంలో పొరబడ్డారు. ఏ భాషలో రాసినా, రాసేది విద్యార్థే అనుకున్నారు. ఇప్పుడు ఆ తగువే లేదు. ఆ రెండు పక్షాలకూ చెందని గైడు భాషను మనం కనిపెట్టాం. అందులో క్రియ గ్రాంథికం, కర్త వాడుక, అర్థం ఐచ్ఛికం.

ఈ ప్రశాంతతను ఒకసారి చెడగొట్టాలని చూసినవారూ లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి విద్యాప్రణాళిక పరిధి పత్రం తర్వాత వచ్చిన తెలుగు వాచకాల్లో ‘సృజనాత్మకత’ అని ఒక శీర్షిక పెట్టారు. కరపత్రం తయారుచేయండి, సంభాషణ రాయండి, కవిత అల్లండి, ‘మీ సొంత మాటల్లో రాయండి’ అని పిల్లలను నేరుగా రెచ్చగొట్టారు. నిజం చెప్పాలంటే మంచి ప్రశ్నలు. ఎవరో పిల్లలను ఎరిగినవాళ్లే కూర్చుని రాసి ఉంటారు. గైడ్లవాళ్లు క్షణం కూడా తొణకలేదు. ‘మీ సొంత మాటల్లో’ అన్న ప్రశ్న కిందే సొంత మాటలను అచ్చువేసి అమ్మారు. మీ ఊరి జాతరను వర్ణించమంటే గైడులో ఊరి పేరు రామాపురం అని ఉందనుకోండి, ఆ ఏడాది ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా పరీక్ష రాసినవాళ్లందరూ రామాపురం వాస్తవ్యులే. చెట్టు ఆత్మకథ రాయమంటే లక్షల చెట్లు ఒకే విత్తనం నుంచి మొలిచి, ఒకే గొడ్డలికి భయపడి, ‘వృక్షో రక్షతి రక్షితః’ అని ఒకే గొంతుతో ప్రాణాలు విడుస్తాయి. ఎవరైనా పిల్ల తమ పెరట్లోని మునగచెట్టు గాలివానకు కూలితే నాయనమ్మ రెండు రోజులు అన్నం తినలేదని రాసిందా, ఎర్ర సిరాతో కింద గీత పడుతుంది. ‘పాయింట్లు లేవు.’

దీనికి పంతుళ్లను తిట్టడం తేలిక. తరగతికి అరవై నోటు పుస్తకాలు, అలాంటివి నాలుగు సెక్షన్లు. తనిఖీకి వచ్చిన అధికారి ప్రతి పేజీలో తేదీతో సంతకం ఉందా అని చూస్తారే తప్ప, పక్కన ఒక మంచి మాట రాశారా అని చూడరు. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలు దిద్దే మనిషికి చేతిలో ఉన్నది జవాబుల కీ. దానితో సరిపోలే జవాబైతే క్షణాల్లో తేలిపోతుంది, సొంతంగా రాసినదాన్నయితే చదవాలి. చదవడానికి వేళ లేదు. అందుకే పిల్లలకు ప్రెజెంటేషన్ నేర్పుతాం. మార్జిన్ గీయడం, శీర్షికలు నల్ల సిరాతో రాయడం, ముఖ్యమైన మాటల కింద స్కేలు పెట్టి గీత కొట్టడం. ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు అన్న నాలుగు గదుల్లో కాలుష్యమైనా, సెల్‌ఫోనైనా, అబ్దుల్ కలామ్ అయినా కాపురం ఉండవలసిందే. కలామ్‌గారి నష్టాలు ఏం రాయాలని ఒక కుర్రవాడు అడిగాడట. అడిగినందుకు ఇంపోజిషన్ పడిందట.

ఇంటర్‌లో ఆ కాస్త బెడదా తీరిపోతుంది. మార్కుల కోసం రెండో భాషగా సంస్కృతం తీసుకుంటారు. అందులో సంస్కృతం రాయవలసిన అవసరం అంతగా పడకపోవడం దాని ప్రత్యేక ఆకర్షణ. ఆ పైన ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. ఇంజినీరింగ్ అభ్యర్థికి మూడు గంటల్లో నూట అరవై ప్రశ్నలు, అంటే ఒక్కో జవాబుకు నిమిషం ఏడు సెకన్లు. ఒకప్పుడు కనీసం పెన్సిలు పట్టి గుండ్రాలు నింపేవారు, ఇప్పుడు మౌస్ నొక్కితే చాలు. వాక్యమన్నది లేకుండానే ఒక మనిషి భవిష్యత్తు నిర్ణయం కావడం మానవ నాగరికతలో చిన్న విషయం కాదు.

ఇంజినీరింగ్‌లో రికార్డులు. ప్రయోగం చేయకముందే ఫలితం సీనియర్ రికార్డులో ఉంటుంది, వాడికి వాడి సీనియర్ నుంచి వచ్చింది. ఆఖరి ఏడాది ప్రాజెక్టు హైదరాబాద్ అమీర్‌పేటలో దొరుకుతుంది, నివేదికతో సహా, బైండింగుతో సహా. అందులో మొదటి పేజీ ‘ఇది నా స్వయంకృషి’ అన్న ధ్రువపత్రం. అదీ వాళ్లే రాసి ఇస్తారు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో గ్రంథచౌర్య నివారణ నిబంధనలు తెచ్చింది. పరిశోధన గ్రంథంలో ఇతరుల రాతలతో పోలికలు పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు, అరవై దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దు. తక్కిన తొంభై శాతం ఎవరికి వారే రాసుకోవాలని కొందరు అమాయకులు అర్థం చేసుకున్నారు. ఊరంతా ‘పోలిక శాతం తగ్గించి ఇవ్వబడును’ అన్న బోర్డులు వెలిశాయి. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి పిల్లల రాతను చెడగొడుతోందని కొత్త గోల. ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు అది మన దగ్గర నేర్చుకుని ఉండకపోతే అడగండి.

ఈ చదువు వల్ల ఉపాధి రాదన్న మాట కూడా అబద్ధం. సోమవారం పొద్దున ఏ కలెక్టరేట్ గేటు దగ్గరికైనా వెళ్లి చూడండి. చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసిపెట్టేవారి ముందు వరుస ఉంటుంది. ఆ వరుసలో చదువురాని ముసలివారితో పాటు డిగ్రీ పట్టాలున్న యువకులూ కనిపిస్తారు. పొలం హద్దు గొడవ ఏమిటో నోటితో అడిగితే గంటసేపు కళ్లకు కట్టినట్టు చెప్పగలరు. కాగితం ముందు పెడితే మాత్రం ‘గౌరవనీయులైన కలెక్టర్ గారికి’ దగ్గరే ఆగిపోతారు. అర్జీలాయన సర్వే నంబరు అడుగుతాడు, మిగతాదంతా ఆయనే నింపుకుంటాడు. యాభై రూపాయలు ఇచ్చి, చివర సంతకం మాత్రం కుర్రవాడే పెడతాడు. ఆ సంతకంలో ఒక్క అక్షరమూ ఆనవాలు పట్టలేం గానీ, అది అచ్చంగా అతడి సొంతం.